ఇంజనీరన్న పేరు ఎవరి సొత్తు?

గడిచిన వేసవిలో కల్వకుర్తిలో మా మేనల్లునికి పెళ్లి కుదిరింది. శుభలేఖ అచ్చుకు పోయే ముందు ఇంట్లో చిన్న మాటపట్టింపు వచ్చింది. వరుని పేరు కింద 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అని వేయాలా, వద్దా? మేనల్లుడు చదివింది బీఎస్సీ కంప్యూటర్స్. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో నాలుగేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. అతని పెదనాన్న కొడుకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ పూర్తి చేశాడు. రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగి, ఇప్పుడు బైకు మీద హోటల్ భోజనాలు ఇంటింటికీ చేరవేస్తున్నాడు. "ఇంజనీరింగ్ చదివింది నేను. చదవనోడు ఇంజనీర్ ఎట్లయితడు?" అన్నది అతని ప్రశ్న. అందులో అసూయ కన్నా దుఃఖమే ఎక్కువగా వినిపించింది. ఇంట్లో పీహెచ్‌డీ చేసినవాణ్ని నేనొక్కణ్నే కనుక తీర్పు చెప్పే పని నా మీద పడింది.

డిగ్రీ లేకుండా ఆ పేరు వేయడం బాగుండదు, 'సాఫ్ట్‌వేర్ ఉద్యోగి' అని వేయండి అన్నాను. అట్లాగే వేశారు. మేనల్లుడు ఎదురు చెప్పలేదు. శుభలేఖల కట్ట నా చేతిలో పెడుతూ ఒక్క మాట అడిగాడు: "మామా, మీ తాత సాగర్ కట్ట మీద రాయి కొట్టిండు గద. ఆయన్ను ఏమని రాసిండ్రు?"

దానికి జవాబు మా ఇంట్లో అందరికీ తెలుసు. లేబర్ అని రాశారు. మేము వడ్డెరలం. రాయిని చూసి అది ఎటు పగులుతుందో చెప్పడం, నేలను తొక్కి చూసి కట్ట నిలుస్తుందో లేదో చెప్పడం మా పెద్దల పని. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి. కాంక్రీటు యంత్రాల మీద కన్నా మనుషుల చేతుల మీద ఎక్కువ ఆధారపడి లేచిన కట్టడం అది. ఆ చేతుల్లో పాలమూరు చేతులు చాలా ఉన్నాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అన్న మాట వినిపించేది. పార, తట్ట, సమ్మెట పట్టుకుని గుంపు మేస్త్రీ వెంట వెళ్లిన ఆ జనానికి దేశం ఇచ్చిన పేరు అదొక్కటే.

మా తాత చెప్పిన ఒక సంగతి నాకు బాగా గుర్తుంది. మట్టి తవ్వేటప్పుడు గుంత మధ్యలో ఒక దిమ్మను తవ్వకుండా వదిలేవారట. దాని ఎత్తును బట్టి ఎంత మట్టి తీశారో లెక్క తేలేది. తవ్వినవాళ్లు కళ్లతోనే లెక్క చెప్పేవారు. తర్వాత ఇంజనీరు వచ్చి, టేపు పెట్టి కొలిచి, కొలతల పుస్తకంలో రాసి సంతకం చేసేవాడు. రెండు లెక్కలూ ఒక్కటే అయినా కూలి మాత్రం పుస్తకంలోని లెక్కకే వచ్చేది. ఆ సంతకం పెట్టే చెయ్యికీ తవ్వే చెయ్యికీ మధ్య ఉన్న దూరాన్ని చదువు ఒక్కటే సృష్టించలేదు. ఆ చదువు ఎవరికి అందాలో ముందే నిర్ణయించిన కులమూ సృష్టించింది. నేను మేనల్లునికి చెప్పిన తీర్పులో ఈ చరిత్ర అంతా ఉందని ఆ రాత్రి గాని నాకు తట్టలేదు.

అసలు ఇంజనీరు అన్న పేరు వాడుకునే హక్కు మన దేశంలో ఎవరికుంది? చట్టాన్ని అడిగితే వచ్చే జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. వైద్యులకు నమోదు ఉంది. న్యాయవాదులకు 1961 నాటి చట్టం ఉంది. ఆర్కిటెక్ట్ అన్న పేరును 1972 నాటి చట్టం నమోదైనవారికే పరిమితం చేసింది. ఇంజనీరు అన్న పేరుకు మాత్రం అట్లాంటి కాపలా లేదు. 1987 నాటి ఏఐసీటీఈ చట్టం కళాశాలలను నియంత్రిస్తుందే గాని, పేరు పక్కన ఎవరు ఏం రాసుకోవాలో చెప్పదు. ఇంజనీర్లకు జాతీయ స్థాయిలో నమోదు ఉండాలన్న ముసాయిదాలు వచ్చాయి, చట్టం కాలేదు. శుభలేఖ మీద 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అని వేసుకుని ఉంటే మా మేనల్లుడు ఏ నేరమూ చేసినవాడు కాడు.

బయటి దేశాల్లో ఈ తగువు కోర్టుల దాకా పోయింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మాట్స్ యార్ల్‌స్ట్రామ్ అనే వ్యక్తి, తన భార్యకు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పడిన జరిమానాతో మొదలుపెట్టి, పసుపు దీపం ఎంతసేపు వెలగాలన్న లెక్కలోనే తప్పుందని తేల్చాడు. లైసెన్సు లేకుండా తనను ఇంజనీరని చెప్పుకున్నందుకు అక్కడి బోర్డు అతనికి 500 డాలర్ల జరిమానా వేసింది. 2018 డిసెంబర్‌లో కోర్టు అతని పక్షాన నిలిచింది. కెనడాలో ఇంజనీరు అన్న పేరుకు గట్టి రక్షణ ఉంది. అయినా అల్బర్టా రాష్ట్రం 2023 చివర్లో చట్టాన్ని సవరించి, 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అన్న పేరును ఆ కట్టుబాటు నుంచి తప్పించింది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల లైసెన్సు కోసం 2013లో మొదలైన పరీక్ష, రాసేవాళ్లు లేక 2019లో ఆగిపోయింది.

ఈ పేరు పుట్టుకే విచిత్రమైనది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సుకు 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అని పేరు పెట్టినప్పుడు అట్లాంటి శాస్త్రం ఇంకా స్థిరపడలేదు. ప్రోగ్రాములు రాసే పనికి వంతెనలు కట్టే పనిలో ఉన్నంత క్రమశిక్షణ రావాలని రెచ్చగొట్టడానికే ఆ పేరు ఎంచుకున్నారు. అంతకుముందే ఆ మాటను వాడుకలోకి తెచ్చినవారిలో మార్గరెట్ హామిల్టన్ ముఖ్యురాలు. చంద్రుని మీదికి మనుషులను తీసుకెళ్లిన అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ బృందానికి ఆమె నాయకురాలు. ఆమె డిగ్రీ గణితంలో. మా మేనల్లునికి నేను పెట్టిన కొలతబద్ద పెడితే, ఆ పేరుకు ప్రాణం పోసిన మనిషే ఆ పేరుకు తగదు.

అయితే డిగ్రీ అక్కరలేదని, నైపుణ్యం చాలని తేల్చేద్దామా? ఇవాళ పెద్ద కంపెనీల అధిపతులు కొందరు ఈ మాటే చెబుతున్నారు. వినడానికి విప్లవంలా ఉంటుంది. కానీ కులం ఉన్న నేల మీద ఈ మాటను జాగ్రత్తగా వినాలి. నైపుణ్యాన్ని ఎవరు కొలుస్తారు? హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకున్ననాటి నుంచి ఇప్పటిదాకా ఉద్యోగాల్లో ఎన్నో 'రెఫరల్' దారిలో నిండుతున్నాయి. లోపల ఉన్నవాడు బయట ఉన్న తనవాణ్ని పిలుస్తాడు. లోపల ముందుగా చేరినవారు ఎవరో మనకు తెలుసు. డిగ్రీ కాగితం లేకపోతే మిగిలేది ఇంటిపేరు, ఊరిపేరు, ఇంగ్లీషు పలికే తీరు. కాగితం అబద్ధం చెప్పవచ్చు గాని, అది కనీసం అందరి ముందూ రాసిన పరీక్షకు గుర్తు. ఇంటిపేరు ఏ పరీక్షా రాయదు.

అందుకే బహుజనులకు డిగ్రీ ఒక కవచం. తరతరాలుగా ఆస్తి లేనివాళ్లకు అది మొదటి ఆస్తి. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించినప్పుడు వడ్డెర, చాకలి, మాల, మాదిగ, లంబాడీ పిల్లలు మొదటిసారి గుంపులుగా ఇంజనీరింగ్ కళాశాలల గడప తొక్కారు. ఆ వెంటనే 'బీటెక్‌కు విలువ పోయింది' అన్న మాట మొదలైంది. కళాశాలల నాణ్యత చాలాచోట్ల నాసిరకమన్నది నిజమే. ల్యాబులు లేని భవనాలకు అనుమతులు ఇచ్చిందీ, అందులో పాఠం చెప్పేవాడున్నాడా అని చూడనిదీ ప్రభుత్వాలే. కానీ నష్టం ఎవరి నెత్తిన పడింది? కళాశాల యజమాని డబ్బు తీసుకున్నాడు. మా బంధువుల పిల్లవాడు పట్టా పట్టుకుని బైకు ఎక్కాడు. అతని దుఃఖాన్ని అసూయ అని కొట్టిపారేయడం అన్యాయం. కవచమని ఇచ్చినది కాగితమేనని తెలిసినవాడి దుఃఖం అది.

మేనల్లుని కథ ఇంకో వైపు నుంచి ఇదే చెబుతుంది. ఇంటర్ తర్వాత అతని చదువు రెండేళ్లు ఆగింది. మా బావ మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరక, తండ్రితో పాటు అతడూ పుణె వైపు పనికి వెళ్లాడు. అప్పు తీరాక వచ్చి డిగ్రీలో చేరాడు. నాలుగేళ్లు పని చేసిన తర్వాత ఒక పెద్ద కంపెనీకి దరఖాస్తు చేస్తే, పరీక్ష దాకా కూడా పిలవలేదు. పదో తరగతి నుంచి చివరిదాకా అన్నిట్లో 60 శాతం ఉండాలి, చదువులో విరామం ఉండకూడదు అన్నవి ఆ కంపెనీ షరతులు. ఇవి చాలా కంపెనీల్లో మామూలు. వీటిలో కులం అన్న మాట ఎక్కడా లేదు. కానీ మా ఇళ్లలో ఆ విరామానికి పేరు వలస. పదిహేడేళ్ల పిల్లవాడు రాళ్లు మోసిన రెండేళ్లను కంప్యూటర్ ఒక ఖాళీ గడిగా చదువుతుంది, చదివి పక్కకు నెడుతుంది. ఆ గడి పెట్టినవాడికి కులద్వేషం ఉండనక్కరలేదు. తన ఇంట్లో ఎవరికీ అట్లాంటి విరామం రాకపోతే చాలు.

డిగ్రీ ఉన్నా, ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా, కవచం నిలవని చోట్లూ ఉన్నాయి. 1917లో కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్‌కు బరోడాలో ఉండడానికి ఇల్లు దొరకలేదు. కార్యాలయంలో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరారు. నూరేళ్లు దాటాక, 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద కులవివక్ష కేసు వేసింది. ఫిర్యాదు చేసిన దళిత ఇంజనీరు ఐఐటీలో చదివినవాడు. అతడు రిజర్వేషన్ ద్వారా ఐఐటీకి వచ్చాడని అక్కడే చదివిన పైఅధికారి తోటివారికి చెప్పాడన్నది ఆరోపణ. కంపెనీ ఆరోపణలను కాదన్నది. ఇద్దరు అధికారుల మీద కేసును 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది, కంపెనీ మీది వ్యాజ్యాన్ని అప్పుడు వదులుకోలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. అక్టోబర్‌లో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అట్లాంటి బిల్లును గవర్నర్ తిప్పిపంపాడు. కేసు తుది ఫలితం ఏమైనా, ఒక సంగతి తేటతెల్లమైంది. ఇంజనీరన్న పేరు చేతికొచ్చాక కూడా అది నీదేనా అని వెనకనుంచి అడిగే గొంతు సముద్రం దాటి వెళ్లింది.

ఈ అనుమానానికి మూలం మన సాంకేతిక విద్య చరిత్రలోనే ఉంది. 1794లో మద్రాసులో సర్వే పాఠశాల, 1847లో రూర్కీ కళాశాల పుట్టాయి. రూర్కీలో ఇంజనీర్లకు ఒక తరగతి, కింది ఉద్యోగులకు వేరే తరగతులు ఉండేవి. మొదట తెల్లవాడు పైన, మనవాడు కింద. తర్వాత ఆ పైమెట్టు ఎక్కినవారు చేతిపనితో సంబంధం లేని కులాలవారు. చేతిలో విద్య ఉన్న కమ్మరి, వడ్రంగి, వడ్డెర మేస్త్రీలుగా, కూలీలుగా కిందనే మిగిలారు. మానవశాస్త్రవేత్త అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన 'ద కాస్ట్ ఆఫ్ మెరిట్' ఈ క్రమాన్ని ఐఐటీ మద్రాసు దాకా వివరంగా చూపింది. కులం పనులను పంచి ఊరుకోలేదని, ఆ పనులు చేసే మనుషులను మెట్లుగా పేర్చిందని అంబేడ్కర్ 1936లోనే వాదించాడు. ఆ మెట్లలో ఒకదానికి ఆధునిక కాలం పెట్టిన పేరు ఇంజనీరు.

మరి ఆ పేరుకు న్యాయమైన అర్హత ఏమిటి? నా జవాబు మా తాత చెప్పిన ఆ కొలతల పుస్తకంలోనే ఉందనుకుంటాను. ఇంజనీరు సంతకానికి విలువ ఎందుకంటే, కట్ట తెగితే ఆ సంతకం పెట్టినవాణ్ని అడగవచ్చు. పేరుకు అసలు అర్హత పూచీ. పని తెలియాలి, తెలుసని అందరి ముందూ రుజువు కావాలి, తప్పు జరిగితే జవాబు చెప్పాలి. పుట్టుక ఈ మూడింటిలో దేనికీ సాక్ష్యం కాదు. డిగ్రీ మొదటి రెండింటికి ఒక సాక్ష్యం మాత్రమే.

ఈ కొలతతో చూస్తే మన సాఫ్ట్‌వేర్ రంగంలో ఇంజనీర్లని చెప్పుకునేవారు లక్షల్లో ఉన్నా, పూచీ పడేవారు కనిపించరు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తు తెచ్చుకోండి. సున్నా మార్కులు వచ్చిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 ఉన్నాయి. పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం వేసిన త్రిసభ్య సంఘం మనుషుల పొరపాట్లతో పాటు, ఫలితాల పని అప్పగించిన సంస్థ సాఫ్ట్‌వేర్‌లోనూ లోపాలున్నాయని తేల్చింది. అది సరిగ్గా పనిచేస్తుందని పరీక్షించి సంతకం చేసిన ఇంజనీరు ఎవరు? అతని పేరు ప్రజలకు తెలియదు. కాలువ గట్టు తెగితే అసిస్టెంట్ ఇంజనీరును సస్పెండ్ చేసే రాష్ట్రంలో, పేద ఇళ్ల పిల్లల భవిష్యత్తు మోసే ప్రోగ్రాముకు సంతకం లేదు. ప్రభుత్వ బడి, ప్రభుత్వ కళాశాల, రేషన్, పింఛను, భూమి రికార్డు అన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాక, అక్కడి తప్పు ముందుగా తగిలేది బహుజనులకే. అందుకే ఈ పేరు ఎవరిదన్న చర్చను పట్నం కంపెనీల సొంత వ్యవహారంగా నేను చూడలేను.

పూచీని అర్హతగా పెట్టాలంటే, దానికి ఎక్కే నిచ్చెన అందరికీ ఉండాలి. ఒకప్పుడు అట్లాంటి నిచ్చెన ఉండేది. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నిర్వహించే ఏఎంఐఈ పరీక్షలు రాసి, డిప్లొమా చదివి ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఎందరో ఇంజనీర్లయ్యారు. కళాశాల ఫీజు కట్టలేనివాడు రాత్రి చదువుకుని, పగలు పని చేసుకుంటూ డిగ్రీతో సమానమైన అర్హత పొందేవాడు. 2013 మే 31 తర్వాత చేరినవారికి ఆ సమానత్వాన్ని కేంద్ర ప్రభుత్వం ఎత్తేసింది. దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాలను 2017లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ల్యాబు లేకుండా ఇంజనీరింగ్ నేర్పలేమన్న కోర్టు మాటలో న్యాయం ఉంది. కానీ లోపమున్న నిచ్చెనను బాగు చేయాలి. తీసేసి ఊరుకుంటే కిందివాడు కిందనే ఉంటాడు.

సాఫ్ట్‌వేర్‌కు అట్లాంటి నిచ్చెన వేయడం మిగతా ఇంజనీరింగ్ కన్నా తేలిక. యంత్రశాల అక్కరలేదు, కంప్యూటర్ చాలు. బీటెక్ చదివినవారూ, బీఎస్సీ చదివినవారూ, పాలిటెక్నిక్, ఐటీఐ నుంచి వచ్చినవారూ ఎవరైనా రాయగల బహిరంగ అర్హత పరీక్షను ప్రభుత్వం తెలుగు మాధ్యమంలోనూ పెట్టాలి. ప్రభుత్వ పనుల టెండర్లు పొందే సంస్థలు ఆ పరీక్ష నెగ్గినవారి సంతకంతోనే సాఫ్ట్‌వేర్ అప్పగించాలి. ఆ సంస్థలు నియామకాల్లో 'విరామం', 'మొదటినుంచి 60 శాతం' వంటి షరతులు పెట్టకూడదు. రిజర్వేషన్లు లేని ప్రైవేటు రంగంలో ఎవరిని, ఏ దారిలో తీసుకున్నారో లెక్క బయటపెట్టమని అడగడం కనీస న్యాయం. ఇవేవీ అసాధ్యాలు కావు. అడిగేవాళ్లు లేక ఆగాయి.

మా ఊరి పేరు రాష్ట్రానికంతా తెలిసింది ఒక ఎత్తిపోతల పథకం వల్ల. కృష్ణ నీళ్లను శ్రీశైలం వెనుక జలాల నుంచి మెట్టు మెట్టుగా పైకి ఎత్తి మా మెట్ట పొలాలకు తెచ్చే పథకం అది. కిందున్న నీళ్లు తమంతట తాము గుట్ట ఎక్కవు, ఎత్తే యంత్రం కావాలి. నీళ్లకు చేసిన ఆ ఏర్పాటు మనుషులకు కూడా చేయమని అడుగుతున్నాం.

పెళ్లి అయిపోయింది. శుభలేఖ మీద నేను వేయించిన మాట అట్లాగే ఉండిపోయింది. నెల తర్వాత మేనల్లుని ఇంటికి వెళ్లినప్పుడు, అతని పక్కన కూర్చుని కంప్యూటర్ చూస్తున్న బీటెక్ తమ్ముడు కనిపించాడు. రాత్రి డెలివరీలు ముగిశాక వచ్చి నేర్చుకుంటున్నాడట. "వాడు నాకు థియరీ చెప్తడు మామా, నేను వానికి పని చూపిస్త" అన్నాడు మేనల్లుడు. వాళ్లిద్దరిలో ఇంజనీరు ఎవరని నన్ను ఇప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ రోజు చెప్పిన తీర్పు తప్పని ఒప్పుకుని ఉండేవాణ్ని. అప్పుడు ఒప్పుకోలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.